పశ్చిమ ప్రకాశం సూదిపని: తండా అల్లిక, బొంత, మగ్గం వర్కు

మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం, దోర్నాల, పుల్లలచెరువు ప్రాంతాలతో నల్లమలను ఆనుకుని ఉన్న మెట్టభూమిని పశ్చిమ ప్రకాశం అంటారు. ఇక్కడి సూదిపనిలో మూడు పాయలు కనిపిస్తాయి. మొదటిది లంబాడీ తండాల అద్దాల అల్లిక. రెండోది కులంతో పనిలేకుండా ఇంటింటా పాత చీరలతో కుట్టుకునే బొంత. మూడోది టైలరింగ్ షాపుల వెంట ఈమధ్య దశాబ్దాల్లో వచ్చిన మగ్గం వర్కు. మొదటి రెండూ ఇంటి అవసరం కోసం పుట్టాయి. మూడోది బజారు కోసం పుట్టింది.

మార్కాపురం పేరు చెబితే తెలుగువాళ్ళకు ముందు గుర్తొచ్చేది పలక. ఆ రాతికి గనులు, ఫ్యాక్టరీలు, వ్యాపారులు ఉన్నారు కాబట్టి ఊరి పేరుతోనే సరుకు దేశమంతా తిరిగింది, తరాల పిల్లలు దాని మీద అ ఆ లు దిద్దారు. అదే నేల మీద తండాల్లో కుట్టిన గుడ్డకు అలాంటి ఏర్పాటు దొరకలేదు. ఎక్కడ కుట్టేవాళ్ళు సంఘం కట్టుకున్నారో అక్కడ కుట్టుకు పేరూ ధరా వచ్చాయి. కట్టుకోని చోట గొప్ప పనితనం కూడా ఇంట్లో పెట్టెలోనే ఉండిపోయింది. పశ్చిమ ప్రకాశం సూదిపనిని అర్థం చేసుకోవాలంటే కుట్లతో పాటు సంఘాల సంగతీ చూడాలి.

నేల, దారులు, జనం

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. మాటలోనూ పంటలోనూ ఈ పడమటి భాగం ఇప్పటికీ రాయలసీమకు దగ్గరగా ఉంటుంది. మిరప, పత్తి, కంది, పొగాకు ఇక్కడి పంటలు. వాన మీద ఆధారపడిన సేద్యం, ఫ్లోరైడ్ నీళ్ళు, వలస కూలీ ఇక్కడి కష్టాలు.

కోస్తా నుంచి దక్కనుకు పోయే పాత దారులు నల్లమల కనుమల గుండానే సాగేవి. గిద్దలూరు నుంచి నంద్యాల వైపు దాటించే నంది కనుమ వాటిలో ముఖ్యమైనది. ఆ దారుల మీద పెరికెద్దులను తోలుకుంటూ తీరప్రాంతపు ఉప్పును పైనాడుకూ, పైనాటి ధాన్యాన్ని కిందికీ చేరవేసినవాళ్ళు లంబాడీలు. సుగాలీలనీ బంజారాలనీ కూడా వీళ్ళను పిలుస్తారు. 17వ శతాబ్దంలో భారతదేశంలో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఈ ఎద్దుల బిడారాలను చూసి రాశాడు. ధాన్యం, బియ్యం, పప్పులు, ఉప్పు మోసే తెగలు వేటికవి వేరుగా ఉండేవని, వేల ఎద్దులు దారికి అడ్డం పడితే బాటసారులు ఆగిపోవాల్సి వచ్చేదని ఆయన వర్ణించాడు. మొగలు సైన్యాలకూ, ఆ తరవాత ఇంగ్లీషు సైన్యాలకూ తిండిగింజలు చేర్చింది ఈ బిడారాలే.

19వ శతాబ్దం చివర్లో గుంటూరు, నంద్యాల మధ్య రైలు వచ్చింది. మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్లు దాటి నల్లమలను చీల్చుకుంటూ పోయిన ఆ దారి పెరికెద్దుల బతుకుతెరువును తీసేసింది. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం ఇలాంటి సంచార జాతులను అనుమానంతో చూసింది. 1952లో గానీ ఆ ముద్ర తొలగలేదు. ఎద్దులు పోయి, దారులు మూసుకుపోయి, అడవి అంచున తండాలు నిలిచాయి. తిరిగిన రోజుల్లో వంటి మీద వేసుకుని నడిచిన అల్లిక మాత్రం తండాతో పాటే స్థిరపడింది. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు 1956 నుంచి, తెలంగాణలో 1976 నాటి చట్ట సవరణతో షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు.

తండా అల్లిక

లంబాడీ స్త్రీ పాత వేషంలో ప్రధానమైనవి మూడు: ఫేటియా అనే కుచ్చుల లంగా, వీపు తెరిచి తాళ్ళతో ముడివేసే కాంచళి అనే రవిక, తల మీద నుంచి వేసుకునే టుక్రి అనే ఓణి. ముదురు ఎరుపు, నీలం, నలుపు నేల మీద పసుపు, తెలుపు, నారింజ, ఆకుపచ్చ దారాలు నడుస్తాయి. మధ్యమధ్య అద్దాలు, అంచుల్లో గవ్వలు, వెండి లేదా సీసం పూసలు, ఉన్ని కుచ్చులు. ఒంటి మీది గుడ్డే కాకుండా నీళ్ళకుండ కింద పెట్టుకునే చుట్టకుదురు, దాని వెనక వేలాడే గుడ్డ, వక్కలు దాచుకునే సంచి, దిండు గలీబు, చివరికి బిడారంలో ముందు నడిచే ఎద్దు మీద కప్పే గుడ్డ కూడా ఈ అల్లికతోనే నిండేవి.

ఈ పనిలో గీసుకున్న బొమ్మ ఉండదు. ముతక నేత గుడ్డలో నిలువు, అడ్డం పోగులు కంటికి స్పష్టంగా కనిపిస్తాయి; ఆ పోగులను లెక్కపెట్టుకుంటూ సూది దించుతారు. మూడు పోగులు వదిలి ఒకటి ఎత్తితే ఒక తీరు, రెండు వదిలి రెండు ఎత్తితే ఇంకొక తీరు. చతురస్రం, త్రిభుజం, వజ్రం ఆకారం, మెట్ల వరస ఈ లెక్క నుంచే పుడతాయి. అందుకే లంబాడీ అల్లికలో వంకీల లతలు తక్కువ, కోణాలు ఎక్కువ. గుడ్డ మారితే కుట్టు మారిపోవడానికి కారణం కూడా ఇదే. మిల్లు గుడ్డలోనూ పాలిస్టర్‌లోనూ పోగు కంటికి ఆనదు, లెక్క కుదరదు. నేత ఖద్దరు కరువైన చోట పోగులెక్క కుట్లు ముందు పోయి, అద్దాలు, అతుకులు, యంత్రపు లేసులు మిగలడం అందుకే.

కర్ణాటకలోని సండూరు లంబాడీల పనిని నమోదు చేసినవారు 14 రకాల కుట్లను గుర్తించారు. కిలన్, వేలే, బక్యా, మాకీ, సూర్యకాంతి మాకీ, కాన్స్, తేరా దోరా, కౌదీ, రేలో, గాద్రి, భూరియా, పోటే, జోల్యా, నాక్రా అన్నవి వాటి పేర్లు. తెలుగు ఇళ్ళలో కుట్టు నేర్చినవాళ్ళు చూస్తే వీటిలో తమకు తెలిసిన గొలుసు కుట్టు, కాజా కుట్టు, అడ్డకుట్లు రూపం మార్చుకుని కనిపిస్తాయి. తండాకూ తండాకూ రంగుల కూర్పులో, అంచు తీరులో తేడా ఉంటుంది. కొత్త కోడలు తెచ్చుకున్న గుడ్డల్లో ఆమె పుట్టింటి వైపు తీరు కనిపిస్తుంది.

అద్దం కుట్టే తీరు

అద్దాల పని అందరూ చూసిందే అయినా అది ఎలా నిలుస్తుందో దగ్గరగా చూస్తే గానీ తెలియదు. అద్దానికి రంధ్రం ఉండదు, జిగురు వాడరు. బొటనవేలి గోరంత గాజు పలుకును గుడ్డ మీద పెట్టి ఎడమచేతి బొటనవేలితో అదిమిపట్టుకుంటారు. ముందు రెండు దారాలు నిలువుగా, రెండు అడ్డంగా అద్దం మీదుగా లాగుతారు. ఆ పైన మూలలను కోస్తూ ఇంకో నాలుగు. ఇప్పుడు అద్దం మీద ఎనిమిది దారాల చట్రం ఏర్పడుతుంది. అసలు పని ఆ తరవాత మొదలవుతుంది. సూదిని చట్రం కిందికి పోనిచ్చి, పైకి తీసి, అద్దం అంచు పక్కన గుడ్డలో చిన్న కుట్టు వేసి, దారాన్ని సూది కిందికి తెచ్చి బిగిస్తారు. ఇలా చుట్టూ వస్తుంటే చట్రం దారాలు నడిమి నుంచి అంచుల వైపు జరిగి, అద్దం చుట్టూ గుండ్రని గట్టు లేస్తుంది.

పనితనం అంతా మొదటి నాలుగు దారాల్లో ఉంది. అవి అద్దం అంచుకు మరీ దగ్గరైతే పట్టు చాలక నాలుగు ఉతుకులకు అద్దం జారిపోతుంది. మరీ లోపలికైతే గట్టు మందమెక్కి అద్దం మూసుకుపోతుంది. దారం వదులైనా పనికిరాదు, బిగువెక్కువైతే గుడ్డ ముడుచుకుంటుంది. పాత కాలంలో ఈ అద్దాలను ఊదిన గాజు బుడగలను పగలగొట్టి చేసేవారు. గుజరాత్‌లోని కపడ్వంజ్ ఆ పనికి పేరుపడ్డ ఊరు. ఊదిన గాజు పలుచగా, కొద్దిగా వంపుతో ఉండి వెలుగును పలు దిక్కులకు విసురుతుంది. ఇప్పుడు దొరికే కోసిన అద్దం బల్లపరుపుగా, బరువుగా ఉంటుంది. ప్లాస్టిక్ అద్దం తేలికే గానీ త్వరగా మసకబారుతుంది.

తండాయే బడి

తండాలో ఈ విద్యకు ప్రత్యేకంగా గురువంటూ లేదు. తల్లి, నాయనమ్మ, పెద్దమ్మ పక్కన కూర్చుని ఆడపిల్ల ముందు గవ్వలు కుట్టడం, తరవాత అంచులు, ఆపైన అద్దాలు నేర్చుకునేది. పెళ్ళినాటికి తన గుడ్డలు తాను కుట్టుకోవాలి. దానికి ఏళ్ళు పట్టేది. పెళ్ళిలో ఆ గుడ్డలను పదిమందీ తిప్పి చూసేవాళ్ళు. వెనకవైపు ముళ్ళు కనిపిస్తే, వరస తప్పితే పెద్దవాళ్ళు పట్టేసేవాళ్ళు. యూరప్‌లో వృత్తి సంఘాలు చేసిన మూడు పనులు, నేర్పడం, నాణ్యత చూడడం, మనవాళ్ళెవరో గుర్తుపట్టించడం, తండా తనకు తెలియకుండానే చేసింది. సంఘం చేసే నాలుగో పని మాత్రం చేయలేదు: ధర కట్టడం. తన ఒంటి కోసం కుట్టుకున్న గుడ్డకు ధర అవసరం రాలేదు.

ఆ అవసరం వచ్చే వేళకు వేషమే మారింది. బడికి, బస్సుకు, కూలికి వెళ్ళే ఆడవాళ్ళు చీర కట్టుకోవడం మొదలుపెట్టారు. పది మందిలో వేరుగా కనిపించడం వల్ల పడాల్సి వచ్చిన మాటలూ అందుకు కారణమే. నడివేసవి ఎండలో ఫేటియా, కాంచళి, వెండి నగలు, కుచ్చుల బరువు మోయడం కష్టమే. పాత వేషం ఇప్పుడు పెద్ద ముత్తవ్వల ఒంటి మీద, శ్రావణంలో పెళ్ళికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు గోధుమ మొలకలు పెంచి జరుపుకునే తీజ్ పండగలో, ఫిబ్రవరి 15న వచ్చే సేవాలాల్ మహరాజ్ జయంతి ఊరేగింపుల్లో కనిపిస్తుంది. పండగల కోసం బజారులో కొనే తయారు గుడ్డల మీద అద్దాలు మెషీను కుట్టువే ఎక్కువ.

బొంత

తండా అల్లికకు రంగు ఉంది, పండగ ఉంది. బొంతకు ఆ రెండూ లేవు, అయినా పశ్చిమ ప్రకాశంలో ఎక్కువ చేతులు ఎరిగిన సూదిపని అదే. నల్లమల అంచు ఊళ్ళలో చలికాలపు రాత్రులు గట్టిగానే ఉంటాయి. కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలు, పంచెలు మూడు నాలుగు పొరలుగా నేల మీద పరిచి, మూలల్లో రాళ్ళు పెట్టి, ముడతలు లేకుండా సవరిస్తారు. అంచులు లోపలికి మడిచి పెద్ద పెద్ద కుట్లతో ముందు పొరలను కలుపుతారు. ఆ తరవాత పెద్ద సూదితో, లావు దారంతో అంచు నుంచి లోపలికి వరసలు వేసుకుంటూ వస్తారు. పైన వేసే చీర రంగు, మూలల్లో పెట్టే అతుకుల కూర్పు కుట్టేవాళ్ళ ఇష్టం. కాన్పుకు వచ్చిన కూతురి కోసం కుట్టే చిన్న బొంతకు అన్నిటికన్నా మెత్తని చీర తీస్తారు.

ఊరూరా తిరిగే సంచార కులాల స్త్రీలు కొందరు కూలికి బొంతలు కుట్టిపెట్టేవారు. ఇంటివాళ్ళు పాత గుడ్డలు ఇస్తే, అరుగు మీద కూర్చుని ఒకటి రెండు రోజుల్లో ముగించి, కూలిగా గింజలో డబ్బులో తీసుకునేవారు. సింథటిక్ చీరలు వచ్చాక బొంతకు ముడిసరుకే కరువైంది. ఆ గుడ్డ చెమట పీల్చదు, పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి, సూది సాఫీగా నడవదు.

ఇదే పని కర్ణాటకలో కౌది, మహారాష్ట్రలో గోధడీ, బెంగాల్‌లో కాంథా. వాటిలో కాంథాను బెంగాల్ రచయితలు, చిత్రకారులు, స్త్రీల సంఘాలు పట్టించుకున్నారు. శాంతినికేతన్ ప్రభావంతో అది పట్టుచీర మీదికి ఎక్కి దేశవిదేశాల్లో అమ్ముడవుతోంది. తెలుగు బొంతను అలా ఎవరూ భుజానికెత్తుకోలేదు. బొంత కుట్టులోని వరసలు, అతుకుల తీరు ఊరివారీగా నమోదు చేస్తే తెలుగువాళ్ళ గృహకళల చరిత్రలో పెద్ద ఖాళీ పూడుతుంది.

మగ్గం వర్కు

తెలుగునాట ఏ ఊళ్ళోనైనా కనిపించే ‘మగ్గం వర్కు’ బోర్డులు మార్కాపురం, గిద్దలూరు, కంభం బజార్లలోనూ ఉన్నాయి. దీని మూలం మొగలు దర్బారుల జర్దోజీ, అంటే బంగారు, వెండి తీగల అల్లిక. 17వ శతాబ్దంలో ఢిల్లీ కోటలోని కార్ఖానాలను చూసిన ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే, ఒక పెద్ద గదిలో ఉస్తాదు పర్యవేక్షణలో అల్లికపనివాళ్ళు పనిలో మునిగి ఉండడాన్ని వర్ణించాడు. ఆ విద్య హైదరాబాదు నవాబుల కాలంలో దక్కనులో వేళ్ళూనింది. ఇప్పుడది పెళ్ళికూతురి జాకెట్టు మీదికి వచ్చింది.

పని తీరు ఇలా ఉంటుంది. డిజైనును పలుచని కాగితం మీద గీసి, గీత వెంబడి సూదితో చిల్లులు పొడుస్తారు. కాగితాన్ని గుడ్డ మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన పొడిని గుడ్డపీలికతో రుద్దితే చుక్కలు దిగుతాయి. గుడ్డను నాలుగు కర్రల చట్రానికి బిగువుగా లాగి కడతారు. పనిచేసేవాళ్ళు నేల మీద కూర్చుని, కుడిచేత్తో కొక్కెం మొన ఉన్న ఆరీ సూదిని పైనుంచి దించుతారు, ఎడమచెయ్యి గుడ్డ కింద దారాన్ని అందిస్తుంది. కొక్కెం దారాన్ని పైకి లాగి మళ్ళీ దిగేసరికి గొలుసు కుట్టు సాగిపోతుంది. పూసలు, కుందన్లు, చమ్కీలు దానితో పాటే ఎక్కుతాయి. స్ప్రింగులా చుట్టిన జర్దోజీ తీగను చిన్న చిన్న ముక్కలు కోసి మామూలు సూదితో కుడతారు.

తండా అల్లికకూ దీనికీ పెద్ద తేడా పనివాళ్ళ స్థానంలో ఉంది. మగ్గం మీద కూర్చున్నవాళ్ళు ఇంకొకరు ఎంచిన డిజైను, ఇంకొకరి గడువు ప్రకారం కుడతారు. పెళ్ళిళ్ళ సీజన్లో రాత్రింబవళ్ళు పని, మూఢంలో ఖాళీ. జాకెట్టుకు ఇంత అని ముక్క లెక్కన కూలి. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యంత్రాలు వచ్చాక చౌకరకం డిజైన్లన్నీ వాటికి పోయాయి. చేతిపనికి ఖరీదైన బరువు పనులు మిగిలాయి. అయినా ఇంటిపట్టున ఉండి సంపాదించుకోవడానికి చిన్న ఊళ్ళ ఆడవాళ్ళకు దొరికిన దారుల్లో ఇదొకటి. పదో తరగతి దాటిన అమ్మాయిలు నెలల తరబడి శిక్షణకు వెళ్ళి నేర్చుకుంటున్నారు.

వృత్తి సంఘాలు: లండన్ నుంచి సండూరు దాకా

మధ్యయుగాల తెలుగుదేశానికి వృత్తి సంఘాలు కొత్త కాదు. శాసనాల్లో కనిపించే శ్రేణులు, సమయాలు, పెక్కండ్రు, అయ్యావళి అయినూర్వురు వంటి వర్తక బృందాలు సుంకాలు, దానాలు, కట్టుబాట్లు నిర్ణయించుకునేవి. బట్టలు కుట్టే పని మేరవారి వంటి కులాల చేతిలో ఉండేది. అయితే ఇంట్లో కూర్చుని ఆడవాళ్ళు చేసే అల్లికను వృత్తిగా ఎవరూ లెక్కించలేదు. ఆ పనికి సంఘం పుట్టకపోవడానికి మూలకారణం అదే.

ఇంగ్లండులో 13, 14 శతాబ్దాల్లో చర్చి వస్త్రాల మీద చేసిన బంగారు తీగ పని యూరప్ అంతటా పేరు పొందింది. లండన్ అల్లికపనివాళ్ళ సంఘానికి 1561లో రాణి మొదటి ఎలిజబెత్ చార్టర్ ఇచ్చింది. నాసిరకం పనిని పట్టుకుని శిక్షించే అధికారం అలాంటి సంఘాలకు ఉండేది. యంత్రాలు వచ్చాక చేతిపని పోతుందన్న ఆందోళనతో 1872లో లండన్‌లో సూదిపని రాయల్ స్కూలు మొదలైంది. 1906లో ఆ బడి పూర్వ విద్యార్థులు కొందరు కలిసి ఎంబ్రాయిడరర్స్ గిల్డ్ స్థాపించారు. పాత సంఘం వ్యాపారాన్ని కాపాడితే, కొత్త గిల్డ్ కళను, నమూనాలను, పాఠాలను కాపాడింది.

మన దేశంలో స్వాతంత్ర్యం తరవాత ఈ బాధ్యత స్వచ్ఛంద సంస్థలు, సహకార సంఘాలు తీసుకున్నాయి. కచ్‌లో 1969 కరువు సమయంలో చందా ష్రాఫ్ మొదలుపెట్టిన శ్రుజన్, కరువు పనికి బదులు అల్లిక పని ఇచ్చి, తరవాత కచ్‌లోని కుట్టురకాలను పలకలుగా నమోదు చేసింది. లక్నోలో 1984లో ఏర్పడిన సేవా సంస్థ చికన్ అల్లిక పని చేసే ఆడవాళ్ళను దళారుల నుంచి విడదీసింది.

లంబాడీ అల్లికకు దగ్గర ఉదాహరణ సండూరు కుశల కళా కేంద్రం. బళ్ళారి జిల్లా సండూరులో 1984లో, అక్కడి రాజకుటుంబానికి చెందిన రాజకీయ నాయకుడు ఎం.వై.ఘోర్పడే చొరవతో ఇది మొదలైంది. చుట్టుపక్కల తండాల ఆడవాళ్ళు కుట్టిన సంచులు, దిండు గలీబులు, దుప్పట్లు, కుర్తాలను కేంద్రం కొని అమ్ముతుంది. సండూరు లంబాణీ అల్లికకు 2010లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. 2023 జులైలో హంపీలో జి20 సాంస్కృతిక బృందం సమావేశమైనప్పుడు 450 మందికి పైగా లంబాడీ మహిళలు కుట్టిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డులకు ఎక్కింది. మార్కాపురం తండాల్లో ఉన్నదీ సండూరు తండాల్లో ఉన్నదీ ఒకే జాతి, ఒకే గోర్ బోలి భాష, ఒకే కుట్టు. తేడా అల్లా నాలుగు దశాబ్దాలు ఆగకుండా నడిచిన ఒక సంస్థ.

తమిళనాడు ధర్మపురి జిల్లా సిట్టిలింగి లోయది ఇంకా ఆశ కలిగించే కథ. అక్కడి లంబాడీ తండాల్లో అల్లిక దాదాపు ఆగిపోయింది, చేతనైనవాళ్ళు ఇద్దరు ముసలమ్మలే మిగిలారు. ట్రైబల్ హెల్త్ ఇనిషియేటివ్ అనే ఆసుపత్రి సంస్థ నడుపుతున్న డాక్టర్ లలిత ప్రోత్సాహంతో ఆ ఇద్దరూ పడుచువాళ్ళకు నేర్పారు. అలా పుట్టిన పోర్గై సంఘం ఇప్పుడు సేంద్రియ నూలు గుడ్డ మీద పాత కుట్లు వేసి ఊరూరా అమ్ముతోంది. ఇద్దరి చేతుల్లో మిగిలిన విద్య కూడా తిరిగి లేవగలదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

నరసాపురం లేసు

ఆంధ్రదేశంలో సూదిపనితో పెద్ద ఎత్తున బజారుకెక్కిన ప్రాంతం నరసాపురం. 1844లో మెక్రే అనే స్కాటిష్ మిషనరీ దంపతులు గోదావరి ప్రాంతపు ఆడవాళ్ళకు కొక్కెం సూదితో లేసు అల్లడం నేర్పారని చెబుతారు. మొదట పేద క్రైస్తవ కుటుంబాల్లో, తరవాత కాపు తదితర కులాల ఇళ్ళలో అది పాకింది. యూరప్, అమెరికాలకు టేబుల్ గుడ్డలు, అంచు లేసులు ఎగుమతి అయ్యాయి.

జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఈ ఊళ్ళలో పరిశోధన చేసి 1982లో పుస్తకం ప్రచురించారు. ఆడవాళ్ళు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్నా వాళ్ళను కార్మికులుగా కాక, తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగా లెక్కగట్టారని, అందువల్లే వ్యవసాయ కూలి కంటే తక్కువ ముట్టిందని ఆమె ఆధారాలతో చూపారు. లాభం ఎగుమతిదారులకు, దళారులకు చేరింది. బజారు ఒక్కటే వస్తే చాలదు, అందులో కుట్టేవాళ్ళ మాట చెల్లాలి అన్నది ఆ పరిశోధన తేల్చిన విషయం.

తరవాతి కాలంలో నరసాపురం దగ్గర సీతారామపురంలో అలంకృతి లేసు సహకార సమాఖ్య, లేసు వాణిజ్య కేంద్రం ఏర్పడ్డాయి. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోదావరి తీరంలో 15 వేల మందికి పైగా మహిళలు ఈ పనిలో ఉన్నట్టు ఆ సందర్భంగా లెక్క చెప్పారు.

పశ్చిమ ప్రకాశంలో నేటి స్థితి

తండాల ఆడవాళ్ళకు సంఘం అనే మాట కొత్తది కాదు. 1982లో దేశంలో మొదలైన డ్వాక్రా పథకం, 1990ల సారా వ్యతిరేక ఉద్యమం తరవాత ఆంధ్రదేశమంతటా పొదుపు సంఘాలుగా విస్తరించింది. ఈ ప్రాంతపు ఊళ్ళలోనూ తండాల్లోనూ ఇవి బలంగానే ఉన్నాయి. అయితే ఇవి అప్పు, పొదుపు చుట్టూ అల్లుకున్నవి. వచ్చిన అప్పు గేదెలకు, పంట పెట్టుబడికి, పిల్లల చదువుకు, పెళ్ళికి పోతుంది. కుట్టు పేరుతో వచ్చే శిక్షణ చాలామటుకు మెషీను మీద జాకెట్లు, లంగాలు కుట్టడానికే పరిమితం.

ప్రభుత్వ పథకాల కట్టు కూడా ఈ పనికి పూర్తిగా సరిపోదు. ఈ నేలలో రాజ్యాంగపు అయిదో షెడ్యూలు ప్రాంతం లేదు. శ్రీశైలం గిరిజనాభివృద్ధి సంస్థ ప్రధానంగా చెంచుల కోసం ఏర్పడింది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ తేనె, బంక, కుంకుడు వంటి అటవీ ఉత్పత్తుల కొనుగోలులో దిట్ట. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తుల జాబితాలో దర్జీ ఉన్నాడు గానీ చేతి అల్లికను వేరే వృత్తిగా పేర్కొనలేదు. కేంద్ర హస్తకళల విభాగం ఇచ్చే ‘పెహచాన్’ చేతివృత్తి గుర్తింపు కార్డు మాత్రం అల్లిక చేసేవాళ్ళకూ వర్తిస్తుంది. ప్రదర్శనల్లో స్టాలుకు, శిక్షణకు, రుణానికి అదే మొదటి మెట్టు.

అన్నిటికన్నా పెద్ద పోటీ కూలి పనిది. మిరప కోతల కాలంలో తండాలు గుంటూరు, పల్నాడు వైపు కదులుతాయి. మిగతా రోజుల్లో హైదరాబాదు భవన నిర్మాణ పనులు. రోజు కూలితో సమానంగా రాకపోతే, కళ్ళు నొప్పి పుట్టే అద్దాల పని చేయమని ఏ ఇల్లాలినీ అడిగే హక్కు ఎవరికీ లేదు. సండూరు, సిట్టిలింగి సంఘాల పని నిలిచింది ఊళ్ళోనే చేతికి డబ్బు ముట్టడం వల్ల, పెద్ద గుడ్డను ముక్కలుగా పంచి ఎవరికి వీలైనంత వాళ్ళు కుట్టే ఏర్పాటు వల్ల.

గుర్తింపు, నమూనా, ధర

1999లో చేసిన భౌగోళిక గుర్తింపుల చట్టం 2003 సెప్టెంబరు 15 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కింద నమోదు పదేళ్ళకు చెల్లుతుంది, ఆ పైన పొడిగించుకోవచ్చు. రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. గుర్తింపు వ్యక్తికి ఇవ్వరు. ఉత్పత్తిదారుల సంఘం లేదా వారికి ప్రాతినిధ్యం వహించే సంస్థ అడగాలి. పని తీరు, ఆ ప్రాంతంతో దానికి ఉన్న సంబంధం, చరిత్ర ఆధారాలతో చూపాలి. సండూరు పేరు మీద వచ్చిన గుర్తింపు సండూరు ప్రాంతానికే చెందుతుంది. నల్లమల తండాల్లో కుట్టిన సంచి మీద ఆ పేరు వేయడానికి వీల్లేదు. ఇక్కడివాళ్ళకు సొంత పేరు కావాలంటే ముందు సొంత సంఘం రిజిస్టరు కావాలి.

అంతకు ముందే తీరాల్సిన పనులు మూడున్నాయి. ఎర్రగొండపాలెం, పుల్లలచెరువు, దోర్నాల వైపు తండాల్లో పెద్దవాళ్ళ పెట్టెల్లో మిగిలిన పాత ఫేటియాలు, కాంచళీలు ఫొటోలు తీసి, కుట్టు కుట్టుకూ తండా వాడే పేరు రాసిపెట్టాలి. పోగులెక్కకు వీలయ్యే నేత గుడ్డ, ఉతికినా రంగు దిగని దారం, పలుచని గాజు అద్దం టోకున తెప్పించి పంచాలి. వస్తువుకు ఎన్ని గంటలు పడుతుందో లెక్కగట్టి, గంటకు ఇంత అని ధరల పట్టిక పొదుపు సంఘం గోడ మీద అతికించాలి. మార్కెట్టు కోసం దూరం వెతకనక్కర్లేదు. మార్కాపురం వైపు నుంచి శ్రీశైలం వెళ్ళే యాత్రికుల బస్సులు దోర్నాల దగ్గరే ఘాట్ రోడ్డు ఎక్కుతాయి. శివరాత్రికీ ఉగాదికీ ఆ దారిలో సాగే లక్షల మంది ఆగే చోట తండా అల్లికకు ఒక శాశ్వత దుకాణం ఉంటే, సంఘానికి మొదటి ఏడాది లెక్కలు అక్కడే తేలతాయి.